అసలు ఇంట్ల ఉండాలె, నకలు తిరగాలె

"ఏం చెల్లే, రాత్రి మీ కిటికీల తెల్లటి లైటు అటూ ఇటూ పోతున్నది. వెల్డింగ్ గిట్ల పెట్టినవా ఏంది?" అని గోడ అవతలికెళ్లి అక్క అడిగింది.

మా రెండిండ్ల నడుమ గోడ నడుమెత్తుంటది. పొద్దుగాల అక్క అటుపక్క చాటల తునికాకు పోసుకొని కత్తిరించుకుంట కూసుంటది, నేను ఇటుపక్క చాయ్ గిలాస పట్టుకొని నిలబడుత. మా ఊరు ఏర్గట్లల ఎవరికి పింఛన్ మంజూరైంది, ఎవరి కొడుకు మస్కట్ నుంచి దిగిండు, నిజామాబాద్ యార్డుల పసుపు ఎంత పలికింది, అన్నీ ఈ గోడ మీదనే తేలుతయి.

"స్కానరక్కా. కాగితం బోర్లేసి మూత పెడితే దాని బొమ్మ కంప్యూటర్ల పడుతది."

"జిరాక్స్ అన్నట్టు."

"జిరాక్స్‌ల కాగితానికి కాగితం వస్తది. దీంట్ల ఫైలు వస్తది. దాన్ని ఎన్నిసార్లన్నా ప్రింటు తీసుకో, దుబాయ్‌ల ఉన్న నీ కొడుక్కు పంపు, అరగదు, మాయదు."

"ఫోన్‌ల ఫోటో కొడితె సుత గదే వస్తది గదనే. మల్ల గీ డబ్బాకు పైసలు దండుగ ఎందుకు?"

అక్క లెక్క ఎప్పుడూ సూటిగనే ఉంటది. వెయ్యి బీడీలు చుడితే చేతికెంత వస్తదో ఎరుకైన మనిషి. అయిదారు వేలంటే ఎన్ని బీడీలో ఆమెకు అప్పటికప్పుడే లెక్క తేలుతది. అందుకే జవాబు సుత సూటిగనే చెప్పిన.

కరెంటు బిల్లు, గ్యాసు చీటీ, డాక్టరు రాసిన మందుల చిట్టి, ఇసొంటివాటికి ఫోనే సాలు. కొన్నేండ్ల కింద అందరి ఫోన్లల క్యామ్‌స్కానర్ ఉండె. 2020 జూన్ 29 నాడు కేంద్రం 59 చైనా యాప్‌లను బంద్ పెట్టినప్పుడు అది సుత పోయింది. అయినా ఇబ్బంది లేదు, గూగుల్ డ్రైవ్‌లనే స్కాన్ చేసే గుర్తు ఉంటది. గని పాత కాగితం సంగతి వేరు. మడతలు పడ్డ కాగితాన్ని ఫోన్‌తోని కొడితే మడత ఒకదిక్కు, చేతి నీడ ఒకదిక్కు, ట్యూబులైటు మెరుపు ఒకదిక్కు. ఫోన్ జర వంగితే పై వరస అక్షరాలు చిన్నగ, కింది వరసయి పెద్దగ పడుతయి. స్కానర్ల కాగితం అద్దానికి ఆనుకొని సాపుగ ఉంటది, లైటు ఈ అంచు నుంచి ఆ అంచు దాంక ఒక్కతీరుగ పోతది. కొలత సుత తప్పదు. అంగుళం గీత అంగుళమే వస్తది.

"మంచిది. ఎంత వెట్టినవ్?" అన్నది అక్క. ధర తెల్వకుండ ఏ ముచ్చటా ముందుకు పోదు మా గోడ దగ్గర.

అగ్గువ స్కానర్ అంటే క్యానన్ లైడ్ 300, ఎప్సన్ వీ39 తీరుయి. అయిదు వేల నుంచి మొదలు పెట్టి, రకాన్ని బట్టి పైకి పోతయి. పలక తీరు పల్చగ ఉంటయి, సంచిల పెట్టుకోవచ్చు. అద్దం కింద కాగితం వెడల్పంత పొడుగు పట్టీ ఒకటి ఉంటది. దాంట్ల ఎరుపు, ఆకుపచ్చ, నీలం చిన్న లైట్లు మార్చి మార్చి వెలుగుతయి, పక్కపొంటి వరసగ కండ్లసొంటి సెన్సార్లు ఉంటయి. పట్టీ జరుగుకుంట ఒక్కొక్క గీతె చదువుకుంట పోతది. ఏ4 కాగితం 300 డీపీఐల ఇంచుమించు పది సెకన్లల అయిపోతది. డీపీఐ అంటే అంగుళానికి ఎన్ని చుక్కలు చదువుతదన్న లెక్క. వీటికి వేరే ప్లగ్గు అక్కర లేదు, యూఎస్‌బీ వైరు నుంచే కరెంటు గుంజుకుంటయి. పసుపు ఉడకబెట్టే దినాలల్ల మోటర్లన్నీ ఒక్కసారే నడిచి కరెంటు పోయినా, ల్యాప్‌టాప్‌ల చార్జింగ్ ఉంటే పని ఆగదు.

ఇంట్ల ప్రింటరుంటే ముందుగాల దాని మూత ఎత్తి చూసుకోవాలె. ఆల్ ఇన్ వన్ అని వచ్చే ప్రింటర్లల పైన ఇసొంటి అద్దమే ఉంటది, చానమంది దాన్ని జిరాక్స్‌కు తప్ప వాడరు. అసొంటోళ్లు కొత్తది కొనే పనే లేదు. ఇంకా అగ్గువల కావాలంటే సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ దుకాణాలల్ల పాతయి దొరుకుతయి. గని అక్కడ పైసలిచ్చే ముందు ఒక్క మాట అడగాలె: మన కంప్యూటర్ల ఉన్న విండోస్‌కు దీని డ్రైవర్ ఉన్నదా? మిషిను మంచిగుండి డ్రైవర్ లేకుంటే అది అద్దం పలకనే. పాత మోడళ్ల అడుగున తాళం తీరు చిన్న బటను ఉంటది. బస్సుల తెచ్చేటప్పుడు లోపలి పట్టీ కదలకుండ దాన్ని వేసి, ఇంటికొచ్చినంక తియ్యాలె.

"అంతా బాగనే ఉన్నది. మరి మా ఇంట్ల స్కాన్ చేసేటందుకు ఏం కాగితాలున్నయే, మేమేమన్న కచ్చీరోళ్లమా?"

నాకు నవ్వొచ్చింది. మా తట్టు ఇండ్లల్ల ఉన్నన్ని కాగితాలు పట్నంల మేడలల్ల సుత ఉండయి. అక్క ఇంట్లనే లెక్క పెట్టు. బీడీ కార్ఖానా లాగ్‌బుక్, పీఎఫ్ కాగితాలు. పీఎఫ్‌ల పేరు ఒకతీరు, ఆధార్‌ల ఒకతీరు, పుట్టిన తారీకు ఇంకోతీరు. బీడీ పింఛన్ అడిగినప్పుడు పీఎఫ్ నంబరే ముందు పెట్టాలె. కొడుకు దుబాయ్‌ల ఉన్నడు, వాని పాస్‌పోర్టు, వీసా, అగ్రిమెంటు. ఆడిబిడ్డ డిగ్రీ మెమోలు. పట్టా పాస్‌బుక్కు. పసుపు అమ్మినప్పుడు అడ్తి దుకాణం ఇచ్చిన తక్‌పట్టీలు. బ్యాంకుల పంట లోను కాగితాలు. ఇవన్నీ ఒక్క ప్లాస్టిక్ కవర్ల, సందుగ అడుగున.

ఏ ఆఫీసు పిలిచినా ఆ కవరు కవరే బయలుదేరుతది. మోర్తాడ్ పోతది, ఆర్మూర్ పోతది, మెట్‌పల్లి పోతది. జిరాక్స్ సెంటర్ల గుంపుల నిలబడి ఒక్కొక్కటి తీసిచ్చుడు, ఆ తొందరల ఒరిజినల్ మిషిను అద్దం మీదనే మర్చిపోవుడు, బస్సు ఎక్కినంక యాదికొచ్చుడు. ఈ కథ లేని ఇల్లు మా వాడల లేదు. నెట్ సెంటర్ల స్కాన్ చేయిస్తే మన ఆధార్, మన సంతకం ఆ కంప్యూటర్ల ఎన్నొద్దులుంటదో ఎవరికెరుక? మొన్నొకనాడు మిర్చిబజ్జీల పొట్లం ఇప్పితే లోపల ఎవరిదో ఆధార్ జిరాక్స్, నంబరుతోని సహా. మా అక్క ఆ కాగితాన్ని చించి పొయ్యిల వేసింది, గని అసొంటియి ఇంకెన్ని పొట్లాలైనయో!

అందుకే నేను చెప్పేది ఒక్కటే. అసలు ఇంట్ల ఉండాలె, నకలు తిరగాలె. స్కానర్ ఆ పని కోసమే.

గల్ఫ్ కాగితాల గురించి జర గట్టిగనే చెప్పిన అక్కకు. పదో తరగతి పాసుగాక ఈసీఆర్ పాస్‌పోర్టు మీద పోయేటోళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేండ్లకు 275 రూపాయలు, మూడేండ్లకు 375. ప్రమాదంల పాణం పోయినా, శాశ్వతంగ అవిటితనం వచ్చినా 10 లక్షలు. పైసలు కట్టినోళ్లు మస్తుమంది ఉంటరు, గని పాలసీ కాగితం ఎక్కడున్నదంటే ఇంట్లోళ్లకు తెల్వదు. అది పిల్లగాని ఫోన్‌లనే ఉంటది, ఆపతి వచ్చిన నాడు ఆ ఫోనే ఉండదు. గల్ఫ్‌ల చనిపోయినోళ్ల ఇంటికి రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే 5 లక్షలకు సుత పాస్‌పోర్టు కాగితాలే ముందు అడుగుతరు. పిల్లగాడు విమానం ఎక్కకముందే పాస్‌పోర్టు మొదటి పేజీ, చివరి పేజీ, వీసా, అగ్రిమెంటు, బీమా, అన్నీ స్కాన్ చేసి ఒక్క పీడీఎఫ్ చేసి ఇంట్ల పెట్టుకోవాలె. నాప్స్2 అని పైసలు లేని సాఫ్ట్‌వేర్ ఉన్నది, విడివిడి పేజీలను ఒక్క ఫైలుగ కుడుతది.

"వాడు వచ్చినప్పుడు చేద్దాం తియ్," అన్నది అక్క.

"వాడు వచ్చిన పదిహేనొద్దులు సుట్టాల ఇండ్లకే సరిపోతయి. ఈసారి వచ్చిన మొదటి దినమే పాస్‌పోర్టు నాకియ్యమను."

ఈ ముచ్చట నడుస్తుండంగనే ఎనక గోడ దిక్కెళ్లి కాక దగ్గుకుంట వచ్చిండు. చెరుకు రైతు, ఇప్పుడు వరి, పసుపు పెడుతడు గని మాట మాత్రం ఇంకా చెరుకు మీదనే. 1937ల బోధన్ పక్కన శక్కర్‌నగర్‌ల నిజాం షుగర్స్ పెట్టిన సంగతి నుంచి మొదలు పెడుతడు. నిజాంసాగర్ నీళ్లు, రైలు డబ్బాల చెరుకు, ఆసియాలనే పెద్ద ఫ్యాక్టరీ అన్న పేరు, 2002ల ప్రైవేటోళ్ల చేతికి పోవుడు, 2015 డిసెంబర్‌ల బోధన్‌తోపాటు మాకు దగ్గరున్న ముత్యంపేట ఫ్యాక్టరీ సుత మూతపడుడు. ఆయన దగ్గర పాత తూకం చీటీలు కట్టలు కట్టి ఉన్నయి. వాటితోని ఇప్పుడు ఏ ఆఫీసుల పని లేదు. అయినా నేను వాటిని స్కాన్ చెయ్యమన్న. ఏ సాలు ఎన్ని టన్నులు తోలిండ్రు, టన్నుకు ఎంతిచ్చిండ్రు, అదంతా ఏ పుస్తకంల దొరుకుతది? ఒక ఊరు చెరుకు పండించిందనేటందుకు సాక్ష్యం ఆ చీటీలే.

కాక చంకల ఇంకో కట్ట ఉన్నది. బట్టల చుట్టి, దారంతోని కట్టింది. అదే అసలు ముచ్చట.

మొదటిది సేత్వార్ నకలు, అంటే ఎన్కటి భూమి సర్వే రికార్డు, ఉర్దూల. రెండోది 1954-55 ఖాస్రా పహాణీ నకలు, మీద ఫసలీ 1364 అని ఉన్నది. ఫసలీ ఏడుకు 590 కలిపితే మన ఇంగ్లిష్ సంవత్సరం వస్తది. తెలంగాణల భూమి తగాదా ఏది కోర్టుకెక్కినా ముందుగాల అడిగే కాగితాలల్ల ఖాస్రా పహాణీ ఒకటి. మూడోది సాదా బైనామా. ఎన్కట కాక వాళ్ల బాపు పక్క చేనాయన దగ్గర ఎకరం కొన్నప్పుడు రాసుకున్నది. రిజిస్ట్రీ లేదు, కింద సాక్షులవి ఊదారంగు వేలిముద్రలు.

భూభారతి చట్టం 2025 ఏప్రిల్ 14 నుంచి అమలుకు వచ్చినంక ఈ తెల్లకాగితాలకు మల్ల పాణం వచ్చింది. 2014 జూన్ 2కు ముందు కొనుక్కొని, 2020 అక్టోబర్, నవంబర్‌లల దరఖాస్తు పెట్టుకున్నోళ్ల సాదా బైనామాలను చూడాలని చట్టంల ఉన్నది. కాక సుత అప్పుడు పెట్టుకున్నడట. ఇగ అప్పటికెళ్లి ఆ బైనామాను చేతుల పట్టుకొని తిరుగుతున్నడు. మడతల దగ్గర కాగితం అరిగి, అవతలి వెలుతురు కనబడుతున్నది.

"జిరాక్స్ తీస్తే నల్లగ వస్తున్నది బిడ్డా. వేలిముద్రలు మసిబొట్టు తీరు పడ్డయి."

ఆయన్ను ఇంట్లకు పిలిచి మిషిను ముందల కూసోబెట్టిన. మడతలను వేళ్లతోని మెల్లగ సాపు చేసి, అద్దం మీద బోర్లేసి, దాని ఎనక నల్ల చార్టు పేపరు ముక్క పెట్టిన. పల్చటి కాగితానికి ఎనక నలుపుంటే రెండోదిక్కు రాసిన అక్షరాలు ఇటు కనబడయి. స్కానర్ మూత లోపలిభాగం తెల్లగ ఉంటది, ఆ తెలుపుకే ఎనకటి రాత ముందుకు వస్తది. సెట్టింగ్‌లల 'బ్లాక్ అండ్ వైట్' అని ఉన్నదాన్ని 'కలర్' చేసిన, 300ను 600 చేసిన. బ్లాక్ అండ్ వైట్‌ల మిషిను ప్రతి చుక్కనూ అయితే నలుపు, లేకుంటే తెలుపు అని తేల్చేస్తది. ఊదా ముద్ర, వెలసిన రెవెన్యూ స్టాంపు, పెన్సిల్‌తోని రాసిన సర్వే నంబరు, అన్నీ ఆ తీర్పుల కొట్టుకపోతయి. కలర్‌ల చేస్తే కాగితం పసుపుదనం వేరు, సిరా నీలం వేరు, ముద్ర ఊదా వేరు.

తెర మీద పెద్దగ చేసి చూపెట్టిన. ఎడమదిక్కు మొదటి వేలిముద్రల గీతలు ఒక్కొక్కటి లెక్కపెట్టెటట్టున్నయి. నడుమ ఒకచోట గీతలు తెగి, చిన్న తెల్లమచ్చ. కాక కండ్లద్దాలు సవరించుకొని తెరకు దగ్గరగ వంగిండు. "అగో, కొడవలి కోసుకున్న గాటు. మా మేనమామది గా వేలు," అన్నడు. పక్కన పేరు రాసి ఉన్నది, అది చదవకముందే వేలిని గుర్తుపట్టిండు.

బైనామా తెల్లకాగితం కాబట్టి అద్దంల పట్టింది. బాండు పేపరు పట్టదు. ఈ అగ్గువ స్కానర్ల అద్దం ఏ4 అంతనే, బాండు దానికంటే పొడుగు. అసొంటప్పుడు పై సగం ఒకసారి, కింది సగం ఒకసారి చెయ్యాలె, నడుమ నాలుగు వరసలు రెండిట్ల పడెటట్టు చూసుకోవాలె. అతికించుడు రాకపోయినా సరే, రెండు పేజీల పీడీఎఫ్ చేస్తే ఏ అధికారైనా చదువుకుంటడు. చిరిగిన మడతలకు సెల్లోటేపు వెయ్యద్దు, ఏండ్లు పోతే దాని జిగురే కాగితాన్ని తింటది. లామినేషన్ అసలే చేయించద్దు. వేడికి సిరా ఆగమైతది, మల్ల ఆ ప్లాస్టిక్‌ల నుంచి కాగితాన్ని తీసుడు ఎవరితోనీ కాదు. స్కాన్ చేసి, అసలును బట్టలనో, తెల్లకాగితాల నడుమనో పెట్టుడే మంచిది.

కాక పోయినంక అక్క వాళ్ల అత్త, మేమందరం అవ్వ అంటం, గోడ దగ్గరికి వచ్చింది. చేతుల ఒక పాత పాస్‌పోర్టు. వాళ్ల పెద్దాయన ఎన్కట బహ్రెయిన్ పోయినప్పటిది. ఆయనది ఇంట్ల ఉన్న ఫోటో అదొక్కటే. గోడకు పెట్టేటందుకు పెద్దగ కావాలంటది. పటం కట్టేటోళ్లు దాన్ని ఫోన్‌ల కొట్టి పెద్దగ చేస్తే మొకం అంతా చుక్కలు చుక్కలు అయిందట.

ఇసొంటప్పుడే డీపీఐ పనికొస్తది. పాస్‌పోర్టు ఫోటో నిలువు నాలుగున్నర సెంటీమీటర్లు. దాన్ని 1200 డీపీఐల స్కాన్ చేసి, ప్రింటు 300 డీపీఐల తీస్తే నాలుగింతలు పెద్దగైతది, అంటే 18 సెంటీమీటర్లు. గోడకు మంచిగ సరిపోతది. డబ్బా మీద 2400, 4800 అని రాసి ఉన్నా అంత పెట్టే అవసరం పాత ఫోటోలకు రాదు. ఫోటోల లేని మొకాన్ని మిషిను ఎక్కడికెళ్లి తెస్తది? ఫైలు బరువే పెరుగుతది. కాగితాలకు 300 సాలు, ఏ4 పేజీ 2480 చుక్కల అడ్డం, 3508 చుక్కల నిలువు వస్తది. 600 చేస్తే ఫైలు దానికి నాలుగింతలు. ముద్రలు, చేతిరాత, మామూలు ఫోటోలకు 600. చిన్న ఫోటోను పెద్దగ చెయ్యాలంటేనే 1200.

ఫోటో మీద సగం గుండ్రటి ముద్ర ఉన్నది. దాన్ని తీసెయ్యమంటవా అని అడిగిన. "ఉండనియ్. ఆయన దేశం పోయిండనేటందుకు అదే గుర్తు," అన్నది అవ్వ. ఇప్పుడు పిల్లలు ఏఐతోని పాత ఫోటోలకు రంగులేస్తున్నరు, చీకటి మొకాలను తేటగ చేస్తున్నరు. చూడసొంపుగనే ఉంటయి, గని ముక్కు జర మారుతది, కండ్లు జర మారుతయి, మన మనిషి తీరు ఇంకెవరో వస్తరు. ఏం చేసుకున్నా ముందుగాల స్కాన్ చేసిన ఫైలును ముట్టకుండ ఒకదిక్కు పెట్టి, దాని నకలు మీద చేసుకోవాలె.

అవ్వ ఇంకో పటం సుత తెచ్చింది, పెండ్లి ఫోటో. ఫోటో పటం అద్దానికి అతుక్కపోయి ఉన్నది. దాన్ని పీకితే మొకాలు అద్దానికే ఉండిపోతయి. అద్దంతోని సహా స్కానర్ మీద పెడదామంటే ఈ అగ్గువ మిషిన్లకు చూపు దగ్గరిదే, అద్దానికి ఆనిందే తేటగ కనబడుతది. నడుమ ఇంకో అద్దం మందం వస్తే మసకైతది. ఇసొంటి పటాలకు ఫోనే మేలు. పగటిపూట వాకిట్ల నీడకు పెట్టి, పటంల మన నీడ పడకుండ కొట్టాలె. మందం పుస్తకాలకు సుత ఇదే బాధ, నడుమ కుట్టు దగ్గర అక్షరాలు అద్దానికి అందక నల్లగ వస్తయి. గట్టిగ ఒత్తితే పుస్తకం వీపు ఇరుగుతది.

పుస్తకాల స్కానింగ్ అంటే చిత్తూరు జిల్లా కాటూరుల పుట్టిన రాజ్ రెడ్డి యాదికొస్తడు. కంప్యూటర్ల లోకంల పెద్ద బహుమతి అయిన ట్యూరింగ్ అవార్డు 1994ల అందుకున్నాయన. ఆయన మొదలు పెట్టిన డిజిటల్ లైబ్రరీ పని 2007 నాటికే పది లక్షల పుస్తకాలు దాటింది, తెలుగుయి సుత దాంట్ల వేల మీద ఉన్నయి. 1934ల వచ్చిన గోల్కొండ కవుల సంచికను ఇయ్యాల ఏర్గట్లల కూసొని ఫోన్‌ల చదువుకుంటున్నమంటే ఎవరో స్కాన్ చెయ్యబట్టే. అయితే ఆ పాత స్కాన్లు చదివేటోళ్లకు ఎరుకే, ఒకచోట పేజీ తప్పిపోయి ఉంటది, ఇంకోచోట అంచుల అక్షరాలు కోసుకపోయి ఉంటయి. పెద్ద మిషిన్లతోని జీతగాళ్లు చేసిన పనిలనే అట్లయితే మనమెంత? అందుకే స్కాన్ అయినంక అసలు కాగితాన్ని చేతుల పట్టుకొని తెర మీదిదాంతోని నాలుగు మూలలూ సరిచూసుకోవాలె. ఆ తర్వాతనే దాన్ని సందుగల పెట్టాలె.

ఇగ అక్క బిడ్డ లొల్లి. ఆ పిల్ల స్టాఫ్ సెలక్షన్ పరీక్షకు ఫారం నింపుతున్నది. సంతకం 10 నుంచి 20 కేబీల నడుమ ఉండాలట. "పిన్నీ, 600ల స్కాన్ చేసిన, ఎంబీలల్ల వస్తున్నది, చిన్నగ చేస్తే మసకైతున్నది," అని కండ్లల్ల నీళ్లు. దాని ఉపాయం అల్కగనే ఉన్నది. సంతకం నల్లసిరాతోని తెల్లకాగితం మీద చేసి, 200 డీపీఐల స్కాన్ చేసి, చుట్టూ ఉన్న ఖాళీని కత్తిరించాలె. ముందుగాల కత్తిరించుడు, తర్వాత వాళ్లు చెప్పిన కొలతకు చిన్నగ చేసుడు, ఆఖరుకు జేపెగ్‌ల నాణ్యత జర తగ్గించి దాచుడు. ఈ వరస తప్పితేనే మసకైతది. పెద్ద స్కాన్ ఒకటి ఇంట్ల దాచుకుంటే ఏ ఫారంకు ఏ సైజు కావాలంటే ఆ సైజు దాంట్లకెళ్లి చేసుకోవచ్చు, మల్ల మల్ల అద్దం మీద పెట్టే పని లేదు.

ఈ పిల్లలకు ఇంకో అలవాటు, అన్నీ వాట్సాప్‌ల ఫోటో తీరు పంపుడు. వాట్సాప్ ఫోటోను నలిపి చిన్నగ చేసి పంపుతది, అక్షరాలు ఈకలు ఈకలు అయితయి. పిన్ను గుర్తు నొక్కి 'డాక్యుమెంట్' అని పంపితే ఉన్నదున్నట్టు పోతది. ఈ ఒక్క ముక్క ఎరుకైతే దుబాయ్‌ల ఉన్న పిల్లగాడు "అమ్మా, మంచిగ కనబడుత లేదు, మల్ల పంపు" అనే బాధ సగం తప్పుతది.

దాచుకునే పేరు సుత ఆలోచించి పెట్టాలె. మిషిను పెట్టే పేరు ఏందో నంబరు ఉంటది, ఏడాది పోతే మనకే అర్థం కాదు. సంవత్సరం ముందు, తర్వాత కాగితం పేరు, తర్వాత మనిషి వరస, సర్వే నంబరు. మా ఊరికి ఇంకో చిక్కున్నది. ఏర్గట్ల మండలమైంది 2016ల, అంతకుముందు మోర్తాడ్ మండలం, 1985ల మండలాలు రాకముందు తాలూకా లెక్క. ఒక్క చెలకకే మూడు కాగితాలల్ల మూడు చిరునామాలు. ఫైలు పేరుల ఊరు, సర్వే నంబరు రాసుకుంటే ఈ తిరకాసు ఉండదు. ఆ ఫైళ్లను ఒక్క కంప్యూటర్లనే పెడితే ఏం లాభం? పెన్‌డ్రైవ్‌ల ఒకటి, ఊరవతల ఉండే బిడ్డ దగ్గరనో, కొడుకు దగ్గరనో ఇంకోటి.

అక్క మంచి మాటే అడిగింది. "గింత మంచిగ ఒస్తున్నదంటే ఇగ అసలుతోని పనేమున్నదే?" ఉన్నది. మనం స్కాన్ చేసుకున్నది చట్టం ముందల నకలే. కేంద్రం 2015ల తెచ్చిన డిజీలాకర్‌ల రెండు రకాలుంటయి. ప్రభుత్వ శాఖ నేరుగ దాంట్లకు పంపిన మెమో, లైసెన్సు, ఆధార్ అసలుతోని సమానం. మనం స్కాన్ చేసి దాంట్ల ఎక్కించుకున్నది మాత్రం సమానం కాదు, మన సౌలత్ కోసం దాచుకున్నట్టే. సాదా బైనామా మీద ఎవరికన్న అనుమానమొస్తే సిరాను, కాగితాన్ని, ముద్రను చూసేది అసలు మీదనే. స్కాన్ ఉన్నందుకు అసలును అస్తమానం బయటికి తియ్యకుండ కాపాడుకుంటం.

మిషినుకు జర కావలి ఉండాలె. మా ఇండ్లల్ల సగమేడు పసుపు, సాలంత తంబాకు. ఆ చేతులతోని అద్దం ముట్టుకుంటే పసుపు వేళ్లు ప్రతి కాగితం మీద అచ్చుపడుతయి. మెత్తటి బట్టను జర తడిపి తుడవాలె, నీళ్లు నేరుగ అద్దం మీద చల్లద్దు, అంచుల నుంచి లోపలికి దిగుతయి. స్కాన్‌ల చుక్క కనబడితే అద్దం మీద దుమ్ము. పై నుంచి కింది దాంక పొడుగ్గ గీత పడితే అద్దం మొదట్ల, పట్టీ తన లైటును సరిచూసుకునే జాగల తంబాకు నలుసు ఉన్నట్టు. అది తుడిస్తే గీత పోతది. మిషిను పాడైందని ఆర్మూర్ తీసుకపోయే ముందు ఆ జాగ చూడాలె.

ఇంత చెప్పినంక అక్క చాట పక్కకు పెట్టి లేచింది. "సరే, రేపటికెళ్లి నువ్వు మా ఇంట్ల కూసో, నేను మీ ఇంట్ల కూసుంట. నువ్వు బీడీలు చుట్టు, నేను లైటు కొడుత," అని నవ్వుకుంట పోయింది.

సదివెటోళ్లకు ఒక మాట. వాడకు ఒక్క స్కానర్ సాలు, ఇంటింటికి అక్కర లేదు. నలుగురు కలిసి కొన్నా తప్పు లేదు. ముందుగాల ఊదా ముద్రలున్న భూమి కాగితాలు చెయ్యుండ్రి, వాటి సిరా ఏటికేడు ఎలుస్తున్నది. తర్వాత గల్ఫ్‌ల ఉన్నోళ్ల పాస్‌పోర్టులు, బీమా కాగితాలు. ఆ తర్వాత ముసలోళ్ల ఫోటోలు, ఆ ఫోటోలల్ల ఎవరెవరున్నరో చెప్పేటోళ్లు మన నడుమ ఉండంగనే. ఆఫీసు అడిగితే ప్రింటు ఇయ్యుండ్రి, అసలు చూపెట్టమంటే చూపెట్టి, కండ్ల ముందలనే వాపస్ తీసుకోండ్రి.

కాగితాలు పైలం.